నాలుగో మంచం మీది మనిషి

1

చెహోవ్ "ఆరో నంబరు వార్డు" గురించి నేను మాట్లాడటం అది మొదటిసారి కాదు. 1892లో అచ్చయిన ఆ పెద్ద కథను ముప్ఫయ్యేళ్లుగా అధ్యయన తరగతుల్లో చెబుతూనే ఉన్నాను. చెప్పే పద్ధతి కూడా స్థిరపడిపోయింది. జారు పాలనలోని రష్యా అంతా ఒక వార్డు. కిటికీలకు ఇనుప కడ్డీలు, నేలకు బిగించిన మంచాలు, గుమ్మంలో పిడికిళ్లతో కాపలాదారు నికితా - ఇదంతా నిరంకుశ రాజ్యానికి ప్రతీక. యువకుడుగా ఉన్న లెనిన్ ఆ కథ చదివి, తననే ఆ వార్డులో పెట్టి తాళం వేసినట్టనిపించి గదిలో కూర్చోలేకపోయాడని ఆయన అక్క అన్నా రాసిన సంగతి చెబుతాను. అక్కడితో తరగతి ముగుస్తుంది. చప్పట్లు కొడతారు.

ఈమధ్య ఒక చిన్న పట్టణంలో అదే ఉపన్యాసం మళ్లీ ఇచ్చి, ప్రశ్నలుంటే అడగమన్నాను. వెనక వరసలోంచి ఒకావిడ లేచింది. రచయిత్రి కాదు, విద్యార్థిని కాదు. డిగ్రీ చదివే కూతురు వెంట వచ్చింది. ఎదుగుదల లేని పిల్లల్ని ఉంచే ఒక హోములో ఆయాగా పనిచేస్తున్నానని చెప్పింది. ఆమె అడిగింది ఇదీ: "అయ్యా, ఆ వార్డులో ఐదుగురే గదా ఉన్నది. రాత్రిపూట కూడా ఆ నికితా ఒక్కడేనాండీ డ్యూటీలో?"

కొందరు నవ్వారు. నేనూ చిరునవ్వు నవ్వాననే గుర్తు. ఆమె మాత్రం నవ్వలేదు. "మా దగ్గర రాత్రి ఇరవైమందికి ఒకతే ఉంటుందండీ. అందుకని అడిగాను. ఆ లావుపాటాయన్ని కొడుతుంటే చూసినవాళ్లెవరన్నా ఉన్నారా, లేరా అని" అంది, కూర్చుంది.

నా దగ్గర జవాబు లేదు. ఆ లావుపాటాయన ఎవరో నాకు వెంటనే స్ఫురించలేదు కూడా. ముప్ఫయ్యేళ్లుగా చెబుతున్న కథలో ఒక మనిషి నాకు గుర్తు లేడు. ఆమె మాత్రం నా నోట అరగంటసేపు కథ విని, అతన్నే పట్టుకుంది. ఇంటికి వెళ్లి పుస్తకం మళ్లీ తీశాను. ఈ వ్యాసం ఆ చదువులోంచి వచ్చింది.

2

ఆ వార్డులో ఐదుగురు. ముందు ఒక బక్కపలచటి పనివాడు. తర్వాత టోపీల కార్ఖానా తగలబడ్డప్పుడు మతి చలించిన యూదుడు మొయిసేయ్కా. తర్వాత మనమందరం గుర్తుపెట్టుకునే ఇవాన్ గ్రోమొవ్ - చదువుకున్నవాడు, అన్యాయం గురించి గొప్పగా మాట్లాడేవాడు. ఐదోవాడు ఒకప్పటి తపాలా గుమాస్తా. నాలుగో మంచం మీద ఉంటాడు ఆవిడ అడిగిన మనిషి. పేరు లేదు. ఒళ్లంతా కొవ్వు పట్టిన రైతు. మొహంలో ఏ భావమూ ఉండదు. మంచం మీదే అంతా చేసుకుంటాడు. అది శుభ్రం చెయ్యవలసింది నికితా గనక అతను ఒళ్లెరగకుండా బాదుతుంటాడు. దెబ్బలు తింటున్నా ఆ మనిషి అరవడు, కదలడు, కళ్లల్లో కూడా ఏమీ కనిపించదు. బరువైన పీపాలాగా కొద్దిగా ఊగుతాడు. అతని గురించి చెహోవ్ ఖర్చుపెట్టింది ఒక్క పేరా.

ఇక్కడ ఒక సంగతి స్పష్టం చేసుకోవాలి. మానసిక రోగం వేరు, మేధో వైకల్యం వేరు. మొదటిది ఎవరికైనా, ఏ వయసులోనైనా రావచ్చు, వైద్యంతో తగ్గనూవచ్చు. రెండోది పుట్టుకతోనో పసితనంలోనో ఎదుగుదలతోపాటు వచ్చేది. దాన్ని నయం చేసే మందు లేదు. కావలసింది ఓపికగా నేర్పడం, తోడుండటం. మనం చాలాకాలం బుద్ధిమాంద్యం అని రాస్తూ వచ్చిన మాటను 2016 నాటి చట్టం వదిలేసింది. చెహోవ్ కాలపు ఆసుపత్రి ఈ తేడా పాటించకుండా అందర్నీ ఒకే గదిలో కుక్కింది. నాలుగో మంచం మీది మనిషిది ఏ స్థితో కథలో తేలదు. ఆలోచన, అనుభూతి ఎప్పుడో పోగొట్టుకున్న జంతువుగా కథకుడు అతన్ని వర్ణిస్తాడు. పోగొట్టుకున్నాడా, ఆ వార్డే లాగేసుకుందా? కథకుడు ఆ ప్రశ్న వెయ్యడు.

చెహోవ్ మీద నేరం మోపడానికి ఇది రాయడం లేదు. 1890లో సఖాలిన్ ద్వీపానికి పోయి ఖైదీల బతుకు కళ్లారా చూసి వచ్చిన రచయిత ఆయన. వైద్యుడు. ఆ వార్డును అంత నిక్కచ్చిగా రాసినవాడు మరొకడు లేడు. అయినా ఆయన కూడా ఆ మౌనాన్ని చూసి, లోపల ఏమీ లేదని తీర్పు చెప్పాడు. దెబ్బకు శబ్దం చెయ్యకపోవడం నొప్పి లేకపోవడం కాదు. అరిస్తే ఇంకా కొడతారని నేర్చుకున్న మనిషి కూడా అరవడు. అరిచినా ఎవరూ రారని తెలిసినవాడూ అరవడు. మాట రానివాళ్ల దగ్గర పనిచేసిన ఏ ఆయాను అడిగినా ఈ మాట చెబుతుంది. ఒక రచయిత గొప్పతనం చూపులో ఉంటుందంటాం. చూపు ఆగిపోయిన చోటును చూపించడం విమర్శ పని. ఆ పని మేం చెయ్యలేదు.

అదే పేజీల్లో ఇంకో సంగతి ఉంది. మొయిసేయ్కా తోటివాళ్లకు మంచినీళ్లు తెచ్చి ఇస్తాడు. నిద్రపోతుంటే దుప్పటి కప్పుతాడు. పక్షవాతం వచ్చిన పక్క మనిషికి చెంచాతో అన్నం పెడతాడు. ఆ వార్డులో సంరక్షణ అనేది ఏమైనా ఉంటే అది జరుగుతున్నది ఒక రోగి చేతుల మీదుగా. చెహోవ్ వెంటనే, అది జాలితో చేసింది కాదు, గ్రోమొవ్‌ను చూసి అనుకరించడమేనని చెప్పేస్తాడు. ఎందుకట్లా? పసిపిల్లలు నేర్చుకునేదీ అనుకరణతోనే గదా; అంతమాత్రాన అమ్మకు నీళ్లు తెచ్చిన పిల్లకు ప్రేమ లేదంటామా? ఇక వీధిలోకి వెళ్లనిచ్చేది ఆ మొయిసేయ్కా ఒక్కణ్నే. అతను అడుక్కుని తెచ్చిన కానీ పరకా నికితా జేబులు తిరగేసి లాక్కుంటాడు. దోపిడీ గురించి ఇన్ని వ్యాసాలు రాసిన మేం ఈ దోపిడీ దగ్గర ఎన్నడూ ఆగలేదు.

నికితా ఎవరు? రంగు వెలిసిన పట్టీలున్న మాజీ సైనికుడు. బీదవాడు. కొట్టకపోతే క్రమం ఉండదని మనస్ఫూర్తిగా నమ్మినవాడు. అతన్ని రాక్షసుడని తీసిపారేస్తే కథ తేలికైపోతుంది. మలం ఎత్తే పని ఒక్కడి మీద వేసి, ఎట్లా చేస్తున్నాడని ఎవరూ అడగకుండా, తలుపు వేసేసిన వ్యవస్థ ఒకటి ఉంది. ఆ వ్యవస్థ డాక్టర్ రాగిన్. ఇరవయ్యేళ్లకు పైగా ఆ ఆసుపత్రికి పెద్ద. దొంగతనాలు తెలుసు, దెబ్బలు తెలుసు. బాధ అనేది మనసు కల్పించుకున్న భావమేనని పుస్తకాల్లో చదివి సమాధానపడ్డాడు. నికితా పిడికిలికి బలం రాగిన్ బద్ధకంలో ఉంది. అట్లాగని నికితా పేదరికం అతని పిడికిలికి సమర్థన కాదు. ఈ రెండూ ఒకేసారి చెప్పలేకపోతే మన వర్గ విశ్లేషణ ఎందుకూ కొరగాదు.

చివరికి రాగిన్‌నే అందులో పెట్టి తాళం వేస్తారు. బయటికి పోతానంటే నికితా కొడతాడు. ఇన్నేళ్లుగా వీళ్లు ఈ నొప్పినే పడుతున్నారని, తను తెలుసుకోలేదని, తెలుసుకోవాలనుకోలేదని అప్పుడు అతనికి తడుతుంది. మర్నాటికి చచ్చిపోతాడు. పాఠకుడి గుండె కొట్టుకునేది ఇక్కడే. నా ఉపన్యాసంలో గొంతు పెంచేదీ ఇక్కడే. ఇప్పుడు నన్ను నేను అడుగుతున్నాను: మతి ఉన్న మనిషిని వార్డులో పెట్టారన్నదా నా ఆగ్రహం? అయితే, నాలుగో మంచం మీది మనిషిని అక్కడ పెట్టడం సబబేనని నేను ఒప్పుకున్నట్టే గదా.

3

ఈ ప్రశ్న పుస్తకాలకు పరిమితమైంది కాదు. న్యూయార్క్ నగరంలోని స్టాటెన్ ద్వీపంలో విల్లోబ్రూక్ అనే ప్రభుత్వ పాఠశాల ఉండేది. పేరుకు పాఠశాల. మేధో వైకల్యం ఉన్న పిల్లల్నీ పెద్దల్నీ ఉంచే చోటు. నాలుగువేల మందికి కట్టినదాంట్లో 1965 నాటికి ఆరువేల మందిని నింపారు. ఆ ఏడు సెనేటర్ రాబర్ట్ కెన్నెడీ చూసి వచ్చి, పాముల గొయ్యి అన్నాడు. అదే ఏడు చివర బర్టన్ బ్లాట్ అనే ఆచార్యుడు అటువంటి మరికొన్ని సంస్థలు తిరిగాడు. వెంట వచ్చిన ఫ్రెడ్ కాప్లన్ నడుముకు కట్టుకున్న రహస్య కెమెరాతో తీసిన ఛాయాచిత్రాలు 1966లో పుస్తకంగా వచ్చాయి. గుడ్డల్లేకుండా సిమెంటు నేల మీద ముడుచుకుని కూర్చున్న మనుషులు ఆ పుస్తకం నిండా ఉన్నారు.

విల్లోబ్రూక్‌లోనే 1950ల నడిమి నుంచి పదిహేనేళ్ల దాకా పిల్లలకు కావాలని కామెర్ల వైరస్ ఎక్కించి పరిశోధనలు చేశారు. తల్లిదండ్రులు సంతకాలు పెట్టారు. ఎట్లా పెట్టారు? మామూలు వార్డుల్లో ఖాళీ లేదు, ఆ పరిశోధన వార్డులో మాత్రం ఉందన్న పరిస్థితిలో పెట్టారు. గత్యంతరం లేనివాడి సంతకాన్ని అంగీకారం అనడం మనకు కొత్త కాదు. కూలిపత్రాల మీద వేలిముద్రల చరిత్ర మనకు తెలుసు.

1972 జనవరిలో, తల్లిదండ్రుల్ని కూడగట్టినందుకు ఉద్యోగం పోయిన మైకేల్ విల్కిన్స్ అనే డాక్టరు, తన దగ్గర మిగిలిపోయిన తాళంచెవితో జెరాల్డో రివేరా అనే టెలివిజన్ విలేకరికి తలుపు తీశాడు. దేశమంతా చూసింది. తల్లిదండ్రులు కోర్టుకు వెళ్లారు. 1975లో ఒప్పంద తీర్పు వచ్చింది. సంస్థల్లో ఉన్నవారి హక్కుల కోసం 1980లో అమెరికా కాంగ్రెసు చట్టం చేసింది. 1987లో విల్లోబ్రూక్ మూతబడింది.

ఆ చిత్రంలో మాట్లాడినవాళ్లలో బెర్నార్డ్ కారబెల్లో ఒకడు. ఇరవయ్యొక్కేళ్ల యువకుడు. మూడో ఏట అక్కడ చేర్చారు. అతనికున్నది సెరిబ్రల్ పాల్సీ. మాట తడబడటం చూసి బుద్ధి లేదని రాసేశారు. పద్ధెనిమిదేళ్లు అక్కడే గడిచిపోయాయి. అతని మాటలు అమెరికాను కదిలించాయి. అతను తర్వాత తనలాంటివారి హక్కుల కోసం పనిచేశాడు, అది గొప్ప సంగతి. కానీ చూడండి, ఇక్కడ కూడా రాగిన్ కథే. తెలివి ఉన్నవాణ్ని పొరపాటున పెట్టారే అని జనం గుండెలు బాదుకున్నారు. పక్క మంచం మీద, పొరపాటు లేకుండా పెట్టబడ్డవాళ్లు ఐదు వేల చిల్లర ఉన్నారు. వాళ్ల మీద పడ్డ దెబ్బ న్యాయమైనదా?

ప్రభుత్వ సంస్థలు గనక అట్లా ఉన్నాయని, ప్రైవేటుకు ఇస్తే బాగుపడుతుందని వాదించేవాళ్లున్నారు. ఇంగ్లండులో బ్రిస్టల్ దగ్గర వింటర్‌బోర్న్ వ్యూ అని ఒక కంపెనీ నడిపిన ఆసుపత్రి. ఒక్కొక్క మనిషికి వారానికి సగటున 3500 పౌన్ల వంతున ప్రజాధనం చెల్లించేవారు. అక్కడి సీనియర్ నర్సు ఒకాయన దౌర్జన్యాల గురించి యాజమాన్యానికి, తనిఖీ సంస్థకు రాసినా పట్టించుకోలేదు. 2011లో బీబీసీ రహస్య కెమెరా లోపలికి వెళ్లాకే లోకానికి తెలిసింది. 2012లో పదకొండుమంది ఉద్యోగులకు శిక్ష పడింది. ఆరుగురు జైలుకు వెళ్లారు. అంటే డబ్బు కొరత ఒక్కటే కారణం కాదు. తలుపులు మూసి ఉన్నంతకాలం, లోపలివాళ్ల మాటకు విలువ లేనంతకాలం, ఎంత డబ్బు పోసినా నికితా అక్కడే ఉంటాడు.

4

మన సంగతి చూద్దాం. 1994 ఫిబ్రవరిలో మహారాష్ట్రలో శిరూరు ప్రభుత్వ వసతిగృహం నుంచి మేధో వైకల్యం ఉన్న యువతుల్ని పుణె ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకొచ్చి గర్భసంచులు తీసేశారు. మహిళా సంఘాలు, వైద్య రంగంలోని కార్యకర్తలు అడ్డుపడి ఆపించేసరికి పదకొండుమందికి ఆపరేషన్లు అయిపోయాయి. అధికారులు చెప్పిన కారణం పరిశుభ్రత. నెలసరి వస్తే వాళ్లు శుభ్రం చేసుకోలేరట.

ఈ కారణాన్ని నాలుగో మంచం పక్కన పెట్టి చదవండి. శుభ్రం చెయ్యాల్సి వస్తుందని నికితా పిడికిలి ఎత్తాడు. శుభ్రం చెయ్యాల్సి వస్తుందని ఇక్కడ కత్తి ఎత్తారు. రెండు చోట్లా ఒక పని ఉంది, ఆ పని చెయ్యడానికి తగినంతమంది లేరు. ఆ లోటును లోపలివాళ్ల శరీరాల్లోంచి పూడ్చుకున్నారు. ఇంకోటి కూడా ఉంది. గర్భసంచి తీసేస్తే నెలసరి ఆగుతుంది, అత్యాచారం ఆగదు. గర్భం రాదు గనక అత్యాచారానికి మిగిలే ఒకే ఒక సాక్ష్యం కూడా పోతుంది.

ఆ సాక్ష్యం మిగిలిన సందర్భం 2009లో చండీగఢ్‌లో వచ్చింది. ప్రభుత్వ సంరక్షణలో ఉన్న ఒక అనాథ యువతి, స్వల్ప స్థాయి మేధో వైకల్యం ఉన్నామె, ఆ సంరక్షణలోనే అత్యాచారానికి గురై గర్భవతి అయింది. గర్భం తీసెయ్యమని హైకోర్టు ఆదేశించింది. సుప్రీంకోర్టు దాన్ని నిలిపేసి, ఆ ఏడు ఆగస్టులో కారణాలతో తీర్పు ఇచ్చింది. మానసిక రోగం, మేధో వైకల్యం ఒకటి కావని, ఆమె అంగీకారం లేకుండా ఎవరూ ఆమె బదులు నిర్ణయించలేరని ఆ తీర్పు సారాంశం. బిడ్డ కావాలని ఆమె చెప్పింది. ఆ నిర్ణయం మంచిదా చెడ్డదా అని అప్పట్లో మన మిత్రులు చాలామంది వాదించుకున్నారు. నాకు ముఖ్యంగా కనిపించేది ఆమెను అడిగారన్నది. అత్యాచారం జరిగినప్పుడు అడగలేదు. ఆసుపత్రికి తీసుకుపోయినప్పుడు అడగలేదు. అడిగేసరికి విషయం దేశ అత్యున్నత న్యాయస్థానం దాకా పోయింది.

అడిగితే చెబుతారు. చెబితే నమ్ముతామా? 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు దీని మీద మాట్లాడింది. బాధితురాలు పుట్టుగుడ్డి అయిన దళిత యువతి. వైకల్యం ఉన్నంతమాత్రాన సాక్ష్యం బలహీనం అనుకోవడం తప్పని, కులం, స్త్రీత్వం, వైకల్యం మూడూ ఒకే మనిషి మీద ఒకేసారి పనిచేసే తీరును గుర్తించాలని కోర్టు చెప్పింది. ఈ మూడో మాట మన సాహిత్య విమర్శ ఇంకా నేర్చుకోలేదు.

చట్టం లేకపోలేదు. వికలాంగుల హక్కుల ఒడంబడికను భారతదేశం 2007లో ఆమోదించింది. 2016 చట్టం ఏడో సెక్షను ప్రకారం, వైకల్యం ఉన్న మనిషి మీద హింస జరిగిందనో, జరుగుతోందనో, జరగబోతోందనో నమ్మడానికి కారణం ఉన్నవారెవరైనా ఆ ప్రాంతపు ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు తెలియజేయవచ్చు.  తొంభైరెండో సెక్షను కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా శిక్ష ఉంది. ఇది రచయితలూ సాహిత్య విద్యార్థులూ తెలుసుకోవలసిన సంగతి కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఎందుకో కింద నా సొంత కథ చెబుతాను.

5

మన భాషలో "పిచ్చోడి చేతిలో రాయి" అని సామెత. పైన చెప్పిన నాలుగు ఉదంతాల్లో రాయి ఎవరి చేతిలో ఉంది? సామెత భయాన్ని ఒక వైపుకు తిప్పుతుంది, దెబ్బలు ఇంకో వైపు నుంచి పడతాయి. పరమానందయ్య శిష్యుల కథలు చెప్పుకుని నవ్వుకున్నాం. ఆ నవ్వు పిల్లలకు హాని చేసిందని నేను అనను. కానీ బళ్లో ఒక పిల్లవాడు సూది తెమ్మంటే దూలం తెచ్చినప్పుడు మన చేతికి అందేది ఆ నవ్వొక్కటే.

నవ్వు కాకపోతే పూజ. 1986లో విశ్వనాథ్ తీసిన "స్వాతిముత్యం"లో కమల్ హాసన్ వేసిన శివయ్య పాత్రను చూసి తెలుగుదేశమంతా కళ్లు తుడుచుకుంది. వితంతువును పెళ్లాడటానికి కులపెద్దలెవరికీ లేని ధైర్యం ఆ అమాయకుడికి ఉంది. ఆ సినిమాలోని సంస్కరణ దృష్టిని నేను తక్కువ చెయ్యను. కానీ ఆ పాత్ర ముత్యమంత స్వచ్ఛంగా ఉంటేనే మనం లోపలికి రానిచ్చాం. కోపం వచ్చేవాడు, గిన్నె విసిరేవాడు, మంచం మీద పాడుచేసుకునేవాడు మన ప్రేమకు అర్హుడేనా అన్న పరీక్ష మనకు పెట్టలేదు.

స్టెయిన్‌బెక్ 1937లో రాసిన "ఆఫ్ మైస్ అండ్ మెన్" అభ్యుదయ రచయితలకు ఇష్టమైన నవల. కూలీల బతుకు నవల. అందులో లెనీ మేధో వైకల్యం ఉన్న కూలీ. జార్జి, లెనీ కలలుగనే సొంత చెక్క, కుందేళ్లు - దాన్ని భూమి కోరికగానే చదివాం. ఇంకోలా చూస్తే, లెనీకి దెబ్బల్లేకుండా, తనకు చేతనైన పనితో బతకగలిగే ఒక చోటు కోసం కన్న కల అది. పిచ్చాసుపత్రిలో కుక్కలాగా కట్టేస్తారని గుర్రాలశాల క్రూక్స్ లెనీని భయపెడతాడు. బంధించడం మేలు కాదని స్లిమ్ జార్జికి చెబుతాడు. ఆ కాలంలో అటువంటి చోటు లేదు గనకే జార్జి తుపాకి తీస్తాడు, మనం తల ఊపుతాం. ఆ తల ఊపడం ఎక్కడిదాకా పోయిందో వినండి. మేధో వైకల్యం ఉన్నవారికి మరణశిక్ష వెయ్యకూడదని 2002లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. ఎవరికి వైకల్యం ఉన్నట్టు అన్న చర్చలో టెక్సాస్ రాష్ట్ర క్రిమినల్ అప్పీళ్ల కోర్టు 2004లో లెనీని ఉదాహరించింది: లెనీలాంటివాణ్నయితే ప్రజలు మినహాయిస్తారు అని. లెనీ అంత కనబడని మనిషికి మినహాయింపు అనుమానమే. 2012లో రచయిత కొడుకు థామస్ స్టెయిన్‌బెక్, తన తండ్రి పాత్రను ఇందుకు వాడటం అవమానమని బహిరంగంగా చెప్పాడు. ఆ కోర్టు కొలతల్ని సుప్రీంకోర్టు కొట్టేసింది 2017లో. కథలో పాత్ర కోర్టులో కొలబద్ద అవుతుంది. రచయిత చేతిలో ఉన్న బాధ్యత ఎంతటిదో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక నా కథ. 1983లో నేనొక కథ రాశాను. ఊరి వేపచెట్టుకు కట్టేసిన ఒక మాటరాని కుర్రవాడు చివర్లో తాడు తెంపుకుంటాడు. అదే సమయానికి కూలీలు దొరగారి గేటు తోస్తారు. ఆ కుర్రవాడు సంకెళ్లలోని ప్రజకు ప్రతీక అని సమీక్షకులు మెచ్చుకున్నారు. ఆ కుర్రవాడు మా పిన్ని కొడుకు.

వాణ్ని పదకొండో ఏట దూరంగా ఒక పట్నంలో హోములో చేర్చారు. నేనొకసారి చూడ్డానికి వెళ్లాను. ముందు వరండా కడిగి ముగ్గు వేశారు. పిల్లలందరికీ ఉతికిన బట్టలు. వాడు నా చొక్కా అంచు పిడికిట్లో పట్టుకుని వదల్లేదు. "అందరికీ ఇట్లాగే అతుక్కుపోతాడండీ" అని వార్డెను నవ్వాడు. నేను ఒక్కొక్క వేలూ విడదీసి, బస్సుకు ఆలస్యమవుతుందని వచ్చేశాను. లోపలి గదులు చూపించమని అడగలేదు. రాత్రి ఎవరుంటారని అడగలేదు. ఏడాది తర్వాత పిన్ని వెళ్లి స్నానం చేయించబోతే వీపు మీద మానిన గీతలు కనిపించాయి. ఇంటికి తెచ్చేసుకుంది. చాలా ఏళ్లు ఎవరు తువ్వాలు దులిపినా వాడు మూలకు పోయి ముడుచుకునేవాడు. ఫిర్యాదు ఎవరూ ఇవ్వలేదు. ఇవ్వాలని మాకు తోచలేదు. నేను కథ రాశాను.

ఆ కథలో వాడికి ఇష్టాలు లేవు. నిజంలో ఉన్నాయి. గుడివాడ బస్సుకీ బందరు బస్సుకీ హారను తేడా వాడికి తెలుసు. ఊరి చివర ఉండగానే ఏది వస్తున్నదో వేళ్లతో చూపించేవాడు. చింతగింజలు నలుపువి వేరు, ఎరుపువి వేరు చేసి గంటలకొద్దీ వరసలు పేర్చేవాడు. మాట కూడా రానివాడేం కాదు, కొద్దిగా వచ్చు. ప్రతీకకు ఇవేవీ అక్కర్లేదు గనక నేను తీసేశాను. మాట రానివాడుగా చేస్తే ప్రతీక బలంగా ఉంటుందని మాట కూడా తీసేశాను. చెహోవ్ ఒక్క పేరాలో చేసిన పొరపాటును నేను పన్నెండు పేజీలు చేశాను. ఆయనకున్న నిజాయితీ కూడా లేకుండా చేశాను. ఆయన ఆ దెబ్బలు రాశాడు, నేను అవి దాచాను. హోమును వేపచెట్టుగా మార్చేశాను.

6

ఇదంతా ప్రతీకల్ని మానెయ్యమనడానికి కాదు. "ఆరో నంబరు వార్డు" జారు రష్యాకు ప్రతీకగా నిలబడటానికి కారణం, ముందు అది నిజంగా ఒక వార్డు కావడం. ఆ క్రమం మేం తలకిందులు చేశాం. రాజ్యాన్ని చూడటానికి వార్డును అద్దంలా వాడుకున్నాం. అద్దంలో ఉన్న మనుషుల్ని చూడలేదు. పీడితుల పక్షాన నిలబడతామని చెప్పుకునే సాహిత్యంలో, తన పక్షం తను మాట్లాడలేని పీడితుడికి చోటెక్కడ అన్నది మన ముందున్న ప్రశ్న. పోరాడగలిగినవాడే మన కథానాయకుడైతే, పోరాడలేనివాడు ఎప్పటికీ నేపథ్యమే.

అందుకని ఇటువంటి రచన ఏది నా చేతికొచ్చినా ఇకమీదట కొన్ని మామూలు ప్రశ్నలు వేద్దామనుకుంటున్నాను. ఈ మనిషికి పేరుందా? ఏదైనా ఇష్టమా? వాడి శరీరాన్ని శుభ్రం చేసేది ఎవరు, వాళ్లకు జీతమెంత, వాళ్లు ఎంతమంది? తలుపు ఎటువైపు నుంచి తెరుచుకుంటుంది? దెబ్బ పడితే చూసేదెవరు, చెబితే వినేదెవరు? ఇవి శిల్పానికి సంబంధించిన ప్రశ్నలు కావని కొందరు అనవచ్చు. నాలుగో మంచాన్ని ఒక్క పేరాలో దాటెయ్యడం శిల్ప నిర్ణయమే అయినప్పుడు ఇవీ శిల్ప ప్రశ్నలే. ఆ ఆయా అడిగింది విమర్శ. నేను ముప్ఫయ్యేళ్లు చెప్పింది వ్యాఖ్యానం.

మా తమ్ముడు ఇప్పటికీ ఉన్నాడు. అరవై దగ్గరపడింది. పిన్ని పోయాక మా చెల్లెలి దగ్గర ఉంటున్నాడు. ఆ తరగతి అయిన నెలకు వెళ్లాను. అంతకుముందెన్నడూ అడగని మాట అడిగాను: "ఒరేయ్, అక్కడ ఎట్లా ఉండేదిరా?" వాడు చాలాసేపు చింతగింజలు జరుపుతూ ఉన్నాడు. వినలేదేమో అనుకున్నాను. తర్వాత తలెత్తకుండానే అన్నాడు: "లైటు తీసేస్తారు, అన్నయ్యా."

నలభై ఏళ్లకు పైగా ఆ మాట వాడి దగ్గర ఉంది. అడిగినవాళ్లు లేరు.

నా కథల సంపుటి రెండో ముద్రణకు వస్తోంది. ఆ కథ తీసెయ్యాలా అని ఆలోచించాను. తీసేస్తే నేను చేసింది కూడా కనబడకుండా పోతుంది. ఉంచుతున్నాను. దాని కింద ఆ కుర్రవాడు వేపచెట్టుకు కాదు, ఎక్కడ, ఏ గదిలో, ఎవరి సంరక్షణలో దెబ్బలు తిన్నాడో రాస్తున్నాను. బస్సు హారన్లు, చింతగింజలు కూడా రాస్తున్నాను. వాడు చెప్పిన ఆ ఒక్క వాక్యం వాడి పేరుతోనే వేస్తే బాగుంటుందని నా కోరిక. వెయ్యనా అని వాణ్ని ఇంకా అడగాలి.